కత్తెరకి ముందు మూడు గంటలు

నాలుగు చినుకులు పడితే చాలు, పెరట్లో ఆరేసిన బట్టలు లాక్కుని లోపలికి పరుగెడతాం మనం. అలాంటిది గాలీ మంచూ కలిసి మొహాన కొడుతుంటే, నడివీధిలో కెమేరా పట్టుకుని మూడు గంటలసేపు నిలబడ్డ మనిషిని ఏమనాలి? దారిన పోయేవాళ్ళు పిచ్చివాడనుకున్నా తప్పుపట్టలేం. ఆ మనిషి పేరు ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. ఊరు న్యూయార్కు. వీధి ఫిఫ్త్ ఎవెన్యూ. తేదీ 1893 ఫిబ్రవరి 22.

అప్పటికాయనకి ఇరవై తొమ్మిదేళ్ళు. అమెరికాలో పుట్టి, జర్మనీలో చదువుకుని, 1890లో తిరిగి వచ్చాడు. ఫోటోగ్రఫీ కూడా చిత్రలేఖనంలాగా ఒక కళేనని లోకంచేత ఒప్పించాలని ఆయన పట్టుదల. కానీ అదే రోజుల్లో ఫోటో అనేది బజారున పడింది. 1888లో జార్జి ఈస్ట్‌మన్ కోడక్ కెమేరా అమ్మకానికి పెట్టాక, మీట నొక్కడం వచ్చిన ప్రతివాడూ ఫోటోగ్రాఫరే అయ్యాడు. దాంతో ముక్కాలి స్టాండుమీద పెద్ద కెమేరా పెట్టుకుని శ్రమపడే పెద్దమనుషులకి చేతి కెమేరా అంటే చులకన. మొదట్లో స్టీగ్లిట్జ్‌కీ ఆ చులకన లేకపోలేదు. అయినా ఆ రోజు మంచులోకి చేతి కెమేరాతోనే వెళ్ళాడు.

ఆయన పద్ధతి చిత్రమైనది. ముందు చోటు చూసుకునేవాడు. గీతలెలా సాగుతున్నాయి, వెలుగెక్కడ పడుతోంది అని లెక్క వేసుకునేవాడు. ఆ తర్వాత వచ్చేపోయే మనుషుల్నీ బళ్ళనీ గమనిస్తూ, అన్నీ సరిగ్గా కుదిరే క్షణం కోసం కాచుకునేవాడు. ఆ రోజు మూడు గంటలకి ఫలితం దక్కింది. మంచులో చక్రాలు దున్నిన చాళ్ళ మధ్యనుంచి గుర్రాల బండి ఒకటి ఎదురుగా వచ్చింది. మీట నొక్కాడు.

నెగటివ్ కడిగి తోటి ఫోటోగ్రాఫర్లకి చూపిస్తే వాళ్ళు నవ్వారట. ఈ చెత్త పారేయమని సలహా కూడా ఇచ్చారు. బొమ్మే స్పష్టంగా లేదు, పైగా దీన్ని పెద్దది చేస్తాడట అని వేళాకోళం! ఈ సంగతంతా 1897లో చేతి కెమేరాగురించి రాసిన వ్యాసంలో ఆయనే చెప్పుకున్నాడు.

ఇక్కడే కత్తెర సంగతి వస్తుంది. చేతి కెమేరాతో తీసిన నెగటివ్‌నుంచి నేరుగా వేసిన ప్రింటుకి పెద్ద విలువ లేదన్నాడాయన. అది కేవలం ముడిసరుకు. అందులో పనికొచ్చే భాగం ఏదో చూసుకుని, ఆ భాగాన్నే పెద్దది చెయ్యాలి. తాను మొత్తం బొమ్మని వాడుకోవడం చాలా అరుదని కూడా రాశాడు. ఈ మంచు వీధికీ అదే చేశాడు. చుట్టూ ఉన్నది చాలావరకు తీసేశాక నిలువుపాటి బొమ్మ మిగిలింది. చూపు అటూ ఇటూ పోకుండా తిన్నగా వచ్చి ఆ బండిమీద వాలుతుంది. నెగటివ్‌లో లోపంగా కనిపించిన మసక, ఇప్పుడు కురుస్తున్న మంచైంది! అదే పెద్దమనుషులకి పూర్తయిన బొమ్మ చూపిస్తే, ఈసారి నవ్వే వంతు స్టీగ్లిట్జ్‌ది అయింది. 1905 అక్టోబరులో తన సొంత పత్రిక 'కెమేరా వర్క్'లో ఆ బొమ్మని మళ్ళీ అచ్చువేసుకున్నాడు.

ఈ కథలో ఆ నవ్వినవాళ్ళని మూర్ఖులనేసి ఊరుకోవడం తేలిక. కానీ ఆలోచించండి. బొమ్మ స్పష్టంగా లేదన్నమాట అబద్ధమా? కాదు. వాళ్ళ కంటికి కనిపించింది వాళ్ళు చెప్పారు. పారేయమన్న తీర్పు దగ్గరే వచ్చింది చిక్కంతా. కూర పొయ్యిమీద ఉండగానే రుచి చూసి, ఉప్పు తక్కువైందని గిన్నె దొడ్లో గుమ్మరించమన్నట్టుంది! ఉప్పు తక్కువన్న మాట వినాలి. గుమ్మరించమన్న మాట వినక్కర్లేదు. స్టీగ్లిట్జ్ గొప్పతనం మొండికెయ్యడంలో లేదు. అలిగి బొమ్మ దాచుకోకుండా, పని ముగించి, నవ్వినవాళ్ళకే మళ్ళీ చూపించాడు చూడండీ, అందులో ఉంది.

ఫోటోని కత్తిరించడం తప్పనేవాళ్ళూ ఉన్నారు. ఫ్రాన్సుకి చెందిన హెన్రీ కార్టియే బ్రెసాఁ వాళ్ళలో ముఖ్యుడు. మంచి ఫోటోని కోస్తే దాని పొందిక చచ్చిపోతుందని ఆయన వాదన. తమాషా ఏమిటంటే, 1932లో పారిస్ రైల్వే స్టేషను వెనక ఒక మనిషి నీటిగుంట దాటుతూ గాలిలో ఉండగా ఆయన తీసిన ప్రసిద్ధమైన ఫోటో కత్తిరించిందే. కంచె సందులోంచి తియ్యడంవల్ల చెక్క అడ్డం వచ్చింది, ఆ భాగం తీసెయ్యక తప్పలేదు. సూత్రాలు ఎంత గట్టివైనా, అడ్డొచ్చిన చెక్కని అడ్డొచ్చినట్టే చూడాలి కదా!

అలాగని కత్తెరకి లేని మహిమ అంటగట్టకూడదు. అది తీసెయ్యగలదు గానీ, లేనిదాన్ని తెచ్చి పెట్టలేదు. ఆ గుర్రాల బండి బొమ్మలోకి వచ్చింది మూడు గంటలు నిలబడ్డందువల్ల. ఎన్ని గంటలు నిలబడ్డా అనుకున్న బొమ్మ దొరక్కపోవచ్చునని, కొంత అదృష్టం కూడా కలిసొచ్చిందని స్టీగ్లిట్జ్ దాచకుండా ఒప్పుకున్నాడు.

ఇప్పుడు మనందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లున్నాయి. గోదావరి గట్టుమీద సూర్యాస్తమయం తీస్తే ఒక మూల కరెంటు స్తంభం, ఇంకో మూల ఎవరి మోచెయ్యో పడతాయి. బాగా రాలేదని వెంటనే చెరిపెయ్యకండి. వేలితో అంచులు కాస్త లోపలికి జరిపి చూడండి. తర్వాత ఇంట్లో ఎవరికైనా చూపించండి. అయితే బాగుందా అని మాత్రం అడక్కండి. బాగుందనే అంటారు, లేదా పెదవి విరుస్తారు. ముందుగా నీ కళ్ళు ఎక్కడికి వెళ్ళాయి అని అడగండి. స్తంభం దగ్గరికి అన్నారా, ఇంకా కత్తిరించాల్సింది ఉందన్నమాట. నీళ్ళమీద వెలుగు దగ్గరికి అన్నారా, ఇక ఆ బొమ్మ జోలికి వెళ్ళకండి.