వెన్న ఇంటికి, చల్ల వీధికి

కానింగ్ వేల్‌లో జూలై అంటే నడి చలికాలం. మిక్సీలో పెరుగు ఎంత తిప్పినా వెన్న పడదే! ఫోన్లో అమ్మ "గోరువెచ్చటి నీళ్ళు పొయ్యరా" అంది. పోశాను, ముద్ద తేలింది.

1878లో స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డి లవాల్ పాల నుంచే మీగడ లాగే యంత్రం చేశాడు. ఈ దేశంలో 1884లోనే కియామాలో సహకార వెన్న ఫ్యాక్టరీ వచ్చింది. మనకి 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది. పాలకి డబ్బులొచ్చాయి, మంచిదే. కానీ మా పాలు కేంద్రానికి వెళ్ళడం మొదలయ్యాక అమ్మమ్మ కవ్వం అటకెక్కింది. తోడు లేదు, చిలకడం లేదు, చల్లా లేదు.

అంతకు ముందు వెన్న ఇంటికి, చల్ల వీధికి. చెంబుతో వచ్చినవాళ్ళకి ఊరికే పోసేది, ఏనాడూ అమ్మలేదు.

ఇప్పుడు నా దగ్గర గిన్నెడు చల్ల మిగిలింది. ఈ వీధిలో ఎవరి తలుపు కొట్టను?