రాజపాళయము చెప్పే చేదు నిజములు

ఉగాది సంచికలలో పూర్వుల కీర్తిని తలచుకొనుట మనకు ఆనవాయితీ. అది మంచిదే. సొంతగడ్డకు దూరముగా బ్రతికేవారికి తమకొక గొప్ప చరిత్ర ఉన్నదన్న ధైర్యము అవసరము. అయితే ఉగాది పచ్చడిలో బెల్లము, చింతపండుతోపాటు వేపపూత కూడ పడవలెను గదా! చరిత్ర దగ్గరకు వచ్చేసరికి మనము ఆ వేపపూతను ఏరివేసి, బెల్లమును మాత్రమే పిల్లల చేతిలో పెడుతున్నాము. వలస వెళ్ళిన తెలుగువారిలో చాల పాతవారైన రాజపాళయమువారి కథను ఈ యేడు చేదుతో సహా చెప్పుకొందాము.

రాజపాళయము తమిళనాడులో పడమటి కనుమల పాదమున ఉన్నది. నేడు అది విరుదునగర్ జిల్లాలోనిది. వెనుక రామనాథపురము జిల్లాలో ఉండేది. పాళెము అనగా దండు విడిసిన చోటు. విజయనగర సామ్రాజ్య కాలములోను, మధుర నాయకుల కాలములోను తెలుగు దేశమునుండి తరలివచ్చిన క్షత్రియ కుటుంబములకు చెందినవారమని ఆ ఊరి రాజులు తరతరాలుగా చెప్పుకొంటున్నారు. ఇన్ని వందల ఏండ్లయినా వారి ఇంటిపేర్లు పోలేదు, ఇంటిలో తెలుగు పోలేదు. ఉత్తరాంధ్రలోని విజయనగర సంస్థానాధీశుల ఇంటిపేరైన పూసపాటి అక్కడ కూడ వినబడుతుంది. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా గారు స్థాపించిన నూలు మిల్లు ఆ ఊరిని పరిశ్రమల బాట పట్టించినది.

ఆ ఊరిలోనే 1898లో పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా గారు పుట్టినారు. పొత్తిళ్ళలో ఉండగానే తల్లి పోయినది. మూడేండ్లకు తండ్రి పోయినారు. అవ్వ, అక్క కలిసి పెంచినారు. అట్టి పిల్లవాడు పెరిగి, గాంధీజీ మార్గమున నడచి, 1949 ఏప్రిల్ 6న ఉమ్మడి మద్రాసు రాష్ట్రమునకు ప్రధాని అయినారు. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోకి వచ్చినప్పుడు ఆ పదవికే ముఖ్యమంత్రి అన్న పేరు వచ్చినది. ఇంతవరకు మనము గర్వముతో చెప్పుకొనేదే. చేదు ఇక్కడినుండి మొదలవుతుంది.

ఆయన పదవికి వచ్చిన ఆ ఏప్రిల్ నెలలోనే నెహ్రూ, పటేలు, పట్టాభి సీతారామయ్య గారల సంఘము నివేదిక దేశము ముందుకు వచ్చినది. మద్రాసు నగరముపై పట్టు విడిచినచో ఆంధ్ర రాష్ట్రమును ఏర్పరచవచ్చునని దాని సారాంశము. ఆ యేడే విభజన సంఘమొకటి ఏర్పడినది. అధ్యక్షులు కుమారస్వామి రాజా గారు. ఆంధ్రుల పక్షమున ప్రకాశం పంతులు, బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు, నీలం సంజీవరెడ్డి గారలు అందులో కూర్చున్నారు. మద్రాసు విషయములో పంతులుగారు తమ అసమ్మతిని వేరుగా వ్రాసి ఇచ్చినారు. ఒక మాటమీదికి రాలేకపోయినందున గణతంత్ర దినము నాటికి ఆంధ్ర రాష్ట్రము రాలేదు.

ఆ అధ్యక్షుని స్థితిని ఒక్కసారి ఊహించండి. ఇంటిలో మాట తెలుగు. ఓటు వేసి పంపిన జిల్లా తమిళ జిల్లా. మద్రాసును గూర్చి, తిరుత్తణిని గూర్చి, బళ్ళారిని గూర్చి ఎంతయినా వాదులాడవచ్చును. మధురకు ఆవలనున్న రాజపాళయమును గూర్చి వాదించుటకే వీలు లేదు. గీత ఎక్కడ గీచినా ఆ ఊరు అవతలనే ఉంటుంది. తెలుగువారికొక రాష్ట్రమన్న కోరిక న్యాయమైనది. అది నెరవేరిననాడు కోట్లమంది ఇంటివారైనారు, లక్షలమంది పొరుగువారైనారు. రెండును నిజములే. సంబరములో మనము రెండవదానిని తలచుకోము.

ఇంతకన్న చేదైన మాట ఇంకొకటి ఉన్నది. 1950 ఫిబ్రవరి 11న సేలము కారాగారములో కాల్పులు జరిగి 22 మంది ఖైదీలు చనిపోయినారు. వారు కమ్యూనిస్టు, రైతు ఉద్యమములలో పట్టుబడినవారు. గాంధేయుడని మనము తలవంచి నమస్కరించే పెద్దమనిషి ప్రభుత్వములో ఇది జరిగినది. ఆ ప్రభుత్వమునకు పెద్ద ఆయనే గనుక బాధ్యతలో ఆయన పాలు ఉండకపోదు. మనవాడన్న అభిమానముతో ఈ పుటను తిప్పివేస్తే, చనిపోయినవారికే కాదు, మన పిల్లలకు కూడ అన్యాయము చేసినవారమవుతాము.

ఆ మూడేండ్లు కష్టకాలమే. వానలు తప్పి బియ్యమునకు కటకట ఏర్పడినది. 1951 ఆగస్టు 15న స్వామి సీతారామ్ గారు ఆంధ్ర రాష్ట్రముకోసము నిరశనకు కూర్చుని, 35 దినముల తరువాత వినోబాజీ మాటపై విరమించినారు. సమస్య మాత్రము అట్లే నిలిచినది. 1952 ఎన్నికలలో మద్రాసు శాసనసభలోని 375 స్థానములకు గాను కాంగ్రెసుకు 152 మాత్రమే దక్కినవి. ముఖ్యమంత్రిగారే తమ ఊరికి సమీపముననున్న శ్రీవిల్లిపుత్తూరులో ఓడిపోయినారు. తరువాత 1954నుండి 1956వరకు ఒరిస్సా గవర్నరుగా పనిచేసి, 1957లో కాలము చేసినారు. రాజపాళయములోని తమ ఇంటిని గాంధీ కళామండపమునకు ఇచ్చివేసినారు. ఇల్లు దానమిచ్చిన చేయి, సేలము కాల్పుల నాటి పాలన, రెండును ఒకే జీవితములోనివి. ఒకదానిని చూపి రెండవదానిని కొట్టివేయలేము. పెద్దలను గౌరవించుటయనగా వారిని పూర్తిగా తెలిసికొనుటయే.

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు 58 దినముల నిరశనతో ప్రాణములర్పించినారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము వచ్చినది. రాజపాళయమువారు ఉన్నచోటనే ఉన్నారు. వారి పిల్లలు తమిళములో చదివినారు, తమిళములో వ్యాపారము చేసినారు. తెలుగు నోటిలో నిలిచినది. చాల ఇండ్లలో కంటికి, చేతికి మాత్రము దూరమైనది. మాట్లాడగలరు, చదువలేరు. రాజ్యాంగమునకు 1956లో చేర్చిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే వసతి కల్పించవలెనని చెబుతున్నది. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన చట్టము ఒకటవ తరగతినుండి క్రమముగా పదవ తరగతివరకు తమిళమును తప్పనిసరి చేసినది. ఉన్న గడ్డ భాషను నేర్చుకొనుట అన్యాయమేమీ కాదు. కాని తప్పంతా చట్టముపై వేసి మనము చేతులు కడుగుకొనరాదు. అక్షరములు దిద్దించుటకు మన వంటింటి అరుగుపై ఏ ప్రభుత్వమూ అడ్డు నిలువలేదు. తెలుగు నేర్పితే పిల్లవాడు చదువులో వెనుకబడునేమో, తోటివారు పరాయివానిగా చూతురేమో అన్న భయము మనలోనే ఉన్నది.

ఈ భయమునకు రాజపాళయములోనే ఒకరు జవాబు చెప్పినారు. ఆయన ము.కు. జగన్నాథ రాజా గారు. 1933లో పుట్టి, 2008లో మరణించిన ఈ పండితుడు బహుభాషావేత్త. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని గోదాదేవి కథ జరిగినది శ్రీవిల్లిపుత్తూరులోనే. తమిళగడ్డపై పుట్టిన ఆ కథను రాయలవారు తెలుగు కావ్యము చేసినారు. సుమారు నాలుగున్నర శతాబ్దముల తరువాత ఆ పొరుగూరి తెలుగువాడు ఆ కావ్యమును తమిళములోనికి తీసికొనిపోయినారు. ఆ అనువాదమునకు 1989లో కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద బహుమానము వచ్చినది. రెండు భాషల నడుమ పుట్టుటను ఆయన లోటుగా తలచలేదు. దానినే పనిముట్టు చేసికొన్నారు. అయితే ఆ పని ఆయనకు సాధ్యమైనది తెలుగు లిపి వచ్చినందువల్లనే. వట్టి మాట మిగిలి లిపి పోయిన ఇంటినుండి అట్టి అనువాదకుడు రాడు.

కనుక ఈ పండుగనాడు ప్రతి కుటుంబమును రెండు పనులు కోరుతున్నాము. మొదటిది: మీ ఇంటిలో తెలుగు చదువగలవారు ఎందరు, వ్రాయగలవారు ఎందరు, దాచక లెక్క వేయండి. ఆ లెక్క చిన్నదని సిగ్గుపడి ఊరుకొనక, వేసవి సెలవులలో ఒక్క బిడ్డకైనా గుణింతము నేర్పండి. రెండవది: మీ పెద్దలు ఊరు ఎందుకు విడిచినారో, ఏమి పోగొట్టుకొన్నారో, ఎక్కడ తప్పటడుగు వేసినారో, వారు ఉండగానే అడిగి వ్రాసిపెట్టండి. అప్పులో, తగవులో, కరవో కారణమైతే అట్లే వ్రాయండి. నిజము తెలిసిన పిల్లలు పెద్దలను తక్కువగా చూడరు. వారు ఎంత బరువు మోసినారో అప్పుడే తెలిసికొంటారు.

ఈ నూతన సంవత్సరము మీ ఇండ్లకు శుభములను, నిజమును నిలిచి చూడగల నిబ్బరమును కలిగించుగాక!