సీటు లెక్కలు

వర్జీనియాలో మనవాళ్లు ఇల్లు కొనేటప్పుడు వంటగదికంటే ముందు స్కూల్ రేటింగ్ చూస్తారు. నేనూ చూశాను. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ తెలుగు ఇళ్లల్లో ‘టీజే’ అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. 1985లో మొదలైన థామస్ జెఫర్సన్ సైన్స్, టెక్నాలజీ హైస్కూలు. ప్రభుత్వ బడే, కానీ ఎంట్రన్స్ ఉండేది. ఎంట్రన్స్ ఉన్నచోట కోచింగ్ పుడుతుందని ఎంసెట్ రాసిన మనకి ఒకరు చెప్పాలా?

2020లో ఆ పరీక్ష తీసేశారు. వంద డాలర్ల దరఖాస్తు రుసుమూ పోయింది. ప్రతి మిడిల్ స్కూల్‌కీ, దాని ఎనిమిదో తరగతి పిల్లల్లో 1.5 శాతానికి సరిపడా సీట్లు పక్కన పెట్టారు. మరుసటి ఏడాది ఆసియన్ పిల్లల వాటా 73 శాతం నుంచి 54కి పడింది. ఆసియన్ తల్లిదండ్రులు ఎక్కువగా ఉన్న ఒక సంఘం కోర్టుకెళ్లింది. 2022లో గెలిచింది, 2023లో అప్పీల్లో ఓడింది, 2024లో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు.

వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ఏళ్ల తరబడి కష్టపడి చదివిన పిల్లకి ‘మీవాళ్లు మరీ ఎక్కువయ్యారు’ అన్నట్టు వినిపిస్తే మనసు విరుగుతుంది. కానీ అప్పీలు తీర్పులో ఒక లెక్క ఉంది, మన విందుల్లో ఎవరూ ఎత్తరు. పేద కుటుంబాల ఆసియన్ పిల్లల్లో పాత పద్ధతిలో 2020లో సీటొచ్చింది ఒక్కరికి. 2021లో 51 మందికి. వీళ్లూ ఆసియన్లే కదా! మరి ఆ పరీక్ష ఎవరి ప్రతిభని కొలిచినట్టు? మనలో చాలామందిమి డిగ్రీ చూసి ఇచ్చిన వీసాల మీద వచ్చాం. అదీ ఒక ఎంట్రన్సే. మన పిల్లలు అందులో నెగ్గినవాళ్ల పిల్లలు.

ఆ వీసాకీ ఒక చరిత్ర ఉంది. 1946 చట్టం ఇండియాకి ఇచ్చిన కోటా ఏడాదికి వందమంది. దేశాలవారీ కోటాలు 1965లో పోయాయి. నల్లవాళ్లు వీధుల్లో దెబ్బలు తిని సాధించిన 1964 పౌరహక్కుల చట్టం వెనకాలే ఆ తలుపూ తెరుచుకుంది.

ఇదే వర్జీనియాలో, ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ నల్లపిల్లలతో కలిపి చదివించమని కోర్టు అంటే ప్రభుత్వ బడులే మూసేసింది. 1959 నుంచి 1964 దాకా. తెల్లపిల్లలకి వెంటనే ప్రైవేటు అకాడమీ పెట్టుకున్నారు. నల్లపిల్లల్లో చాలామంది ఏళ్లకేళ్లు బడి ముఖమే చూడలేదు. ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరాల్సినవాళ్లకి ఇప్పుడు డెబ్బై దాటాయి. వాళ్ల మనవలు మన పిల్లల ఈడువాళ్లు.