అడవి విడిచి ఊరు చేరినవారు

కురుక్షేత్ర సంగ్రామానంతరము ధర్మరాజు, నూర్గురు కుమారులను కోల్పోయిన ధృతరాష్ట్రుని తన యింటనే పదునైదేండ్లు గౌరవముతో పోషించెను. రాజాదరమునకు లోపము లేదు. అయినను భీముని సూటిపోటి మాటలకు తాళలేక ఆ వృద్ధుడు తుదకు అడవికి పోయెను. రాజు మన్నించినంత మాత్రమున ఇంటివారి మనసులు కలియవు. విశాఖ మన్యపు చరిత్రయు ఈ విషయమునే తెలుపుచున్నది.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై బడి తుపాకులు కొనిపోయెను. ఆ దళమున గాము గంటందొర, మల్లుదొర సోదరులు ముఖ్యులు. 1924లో సీతారామరాజును, పిదప గంటందొరయు ప్రాణము లర్పించిరి. 1923లోనే పట్టుబడిన మల్లుదొర అండమాను చెరకు పోయెను. అట్టివానినే 1952లో విశాఖపట్టణపు ఓటర్లు, లంకా సుందరముతోపాటు, తొలి లోక్‌సభకు ఎన్నుకొనిరి.

మల్లుదొరను జనులింత సులభముగ ఎట్లు స్వీకరించిరి? ఆయన పోరినది పరప్రభుత్వముతో. ఆ ప్రభుత్వము పోగా, నేరమనబడినది దేశసేవ యయ్యెను.

తరువాతి తరములలో నక్సలైట్లు, 2004 నుండి మావోయిస్టులను పేర, అదే మన్యమున ఆయుధములు పట్టిరి. అడవిపై హక్కు, కూలిరేట్లు మున్నగు న్యాయమైన కోరికలే వారిని గిరిజనులకు చేరువ చేసినవి. కాని పోలీసులకు వేగులని నిందమోపి వారు పలువురు గిరిజనులనే చంపిరి. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలము లివిటిపుట్టు వద్ద అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ సభ్యుడు సివేరి సోమయు వారిచేత హతులైరి. ఇరువురును గిరిజనులే. ప్రభుత్వములెన్ని మారినను ఇట్టి గాయము మానదు.

లొంగిపోయినవానికి, వాని తలపై ప్రకటించిన బహుమానపు సొమ్మునే బ్రతుకుతెరువుకై ఇచ్చుట ప్రభుత్వ పద్ధతి. అడవినుండి మనుష్యుని మరలించుటకది అవసరమే. కాని భర్తను పోగొట్టుకొన్న ఇల్లాలు ఆ దృశ్యమును ఏ కన్నులతో చూడవలెను? ఓడరేవు, ఉక్కు కర్మాగారము గల విశాఖ నగరమున పేరెరుగని కూలీగా ఒకడు బ్రతుకవచ్చును. కొండమీది గూడెమున అది సాధ్యము కాదు. అచట ఊట ఒకటే, సంత ఒకటే. ప్రతిదినము ఎదురుపడక తప్పదు.

కావున మరలి వచ్చినవానికి పనియు, పొలమును చూపుటకు ముందే, నష్టపడినవారి మాట వినవలెను. ఆ నష్టము పోలీసుల వలన కలిగినదైనను వినవలసినదే. చనిపోయినవాడు వేగు కాడని నలుగురిలో ఒప్పుకొనుట ఆ కుటుంబమునకు సొమ్ముకంటె మిన్న. న్యాయస్థానపు విచారణ తన దారిని తాను నడువవలెను. ఆపైన వాని పిల్లలను బడిలో ఎవరును తండ్రి పేరెత్తి దెప్పరాదు.

ధర్మరాజు చేసినది ప్రభుత్వము చేయగలదు. భీముని కడుపుమంటను ముందుగ విని, పిదప వాని నాలుకను వారింపవలసినవారు మాత్రము ఊరివారే.