రాజీ లేని రాజీనామా

‘రాజీనామా’ మన ఉర్దూ నుంచి వెళ్లిన మాటే. ఉర్దూ కాగితాల్లో దానికి అర్థం, ఇరుపక్షాలు ఒప్పుకుని రాసుకున్న రాజీపత్రం. తెలుగులోకి వచ్చేసరికి నౌకరీ వదులుకోవడం అయింది. దాన్ని మనం ఇస్తీఫా అంటాం. వకీల్ బొజ్జా తారకం సాబ్ 1985లో ఇచ్చిన రాజీనామా మాత్రం ఏ రాజీకీ ఒప్పుకోనిది.

జనగామ ఇలాకా వాళ్లకు అదాలత్ అనగానే గుర్తొచ్చే పేరు షేక్ బందగీ. కామారెడ్డిగూడెంలో తన జమీన్ కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ముకద్దమా గెలిచాడు. 1940లో దేశ్‌ముఖ్ మనుషులు అతన్ని చంపేశారు. ఫైసలా చేతికొచ్చినా వెనక హుకూమత్ నిలబడకపోతే గరీబుకు జాన్ కూడా దక్కదు. అందుకే హుకూమత్ తరఫున నిలబడే వకీల్ ఎలాంటి మనిషన్నది మనకు జరూరీ సవాల్.

తారకం 1939లో కోనసీమ కందికుప్పలో దళిత ఖాందాన్‌లో పుట్టారు. నిజామాబాద్‌లో వకాలత్ చేశారు. ఎమర్జెన్సీలో జైలుకెళ్లారు. ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అనే కితాబ్ రాసి మామూలు జనానికి వాళ్ల హక్కులు చెప్పారు. అలాంటి మనిషి హైకోర్టులో ప్రభుత్వ ప్లీడర్ అయ్యారు. అది ఇజ్జత్ ఉన్న కుర్సీ.

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. తారకం ఆ కుర్సీ వదిలేశారు. కత్తి పద్మారావుతో కలిసి దళిత మహాసభ కట్టారు. 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితులు కతల్ అయినప్పుడూ బాధితుల వైపే నిలిచారు. ఇన్సాఫ్ తొందరగా రాలేదు. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు ఆఖరి ఫైసలా 2008లో వచ్చింది. చుండూరులో 2007లో పడిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. 2016 సెప్టెంబర్ 16న ఇంతెకాల్ అయ్యేదాకా ఆయన సబర్ వదల్లేదు.

2022 నుంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దేనికది జిల్లా కోర్టు ఉన్న చోటు. అక్కడ సర్కారీ వకీళ్లు కావాలి. లా చదివే మన ఆడపిల్లలు, మగపిల్లలు ఆ కుర్సీల్లోకి బేషక్ వెళ్లాలి. బెయిల్‌కు అడ్డం చెప్పాలా వద్దా, భయపడ్డ గవాహ్‌కు ధైర్యం ఎలా ఇవ్వాలి అన్నవి అక్కడే తేలతాయి. అయినవాళ్లకు వ్యతిరేకంగా పోయినా ఇన్సాఫ్ మీదే నిలబడమన్న సూరా నిసా 135వ ఆయత్ చదివిన ఇళ్లకు ఇది కొత్త సబక్ కాదు. కుర్సీ అమానత్. దాన్ని ఎందుకు పట్టుకున్నామో, ఏ రోజు వదలాలో రెండూ తెలిసి ఉండాలి.