బిట్టు, బైటు, బాడ్: నిల్వసాధనాలకూ కాంతితంతు జాలాలకూ నడుమ వేగమానాల చరిత్ర

వ్యాససంగ్రహం: దత్తాంశ ప్రసారవేగాన్ని కంప్యూటరు నిల్వసాధనాల రంగం బైట్లలోనూ, దూరసమాచార రంగం బిట్లలోనూ కొలుస్తున్నాయి. ఈ రెండు కొలతలు ఏ చారిత్రక కారణాలవల్ల వేరుపడ్డాయో, ఒకదానినుండి మరొకదానికి మార్చేటప్పుడు ఎనిమిదితో భాగించడం ఎందుకు చాలదో, తెలుగులో రాసేటప్పుడు ఈ సమస్య ఎలా జటిలమవుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బిట్, బైట్, బాడ్, సోనెట్, సాటా, సాంకేతిక తెలుగు.

1. ఉపోద్ఘాతం

ఒక సాంకేతిక అనువాదాన్ని సరిచూస్తున్నప్పుడు ‘155 ఎంబీపీఎస్ కాంతితంతు మార్గం’ అన్న పదబంధం ఎదురైంది. కింది వాక్యంలోనే డిస్కు వేగం ‘150 ఎంబీపీఎస్’ అని ఉంది. రెండూ ఇంచుమించు సమానమే కదా అనుకొని ముందుకు సాగాను. మూలంతో పోల్చి చూస్తే మొదటిది బిట్ల లెక్క, రెండవది బైట్ల లెక్క. డిస్కు ఆ మార్గంకన్నా దాదాపు ఎనిమిది రెట్లు వేగవంతమైనది. ఆంగ్లంలో ఈ భేదాన్ని మోసేది ఒకే ఒక్క అక్షరం: బిట్టుకు చిన్న ‘బి’, బైటుకు పెద్ద ‘బి’. మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న విభజన లేదు. కనుక అనువాదకుడు పొరపాటు చేయకపోయినా పాఠకుడు పొరబడక తప్పలేదు.

2. పేర్ల పుట్టుక

మూడు ప్రమాణాలలో పాతది టెలిగ్రాఫు కాలానిది. ఫ్రెంచి ఇంజినీరు ఎమిల్ బోదో 1874లో ఐదు సంకేతాల టెలిగ్రాఫు పద్ధతికి పేటెంటు పొందాడు. తీగపై సెకనుకు ఎన్నిసార్లు సంకేతం మారుతుందో తెలిపే ‘బాడ్’ అతని పేరు మీదుగా వచ్చింది. ‘బిట్’ అన్న మాట క్లాడ్ షానన్ 1948 నాటి వ్యాసంతో ప్రసిద్ధమైంది. దానిని సూచించినవాడు జాన్ టూకీ అని షాననే అందులో పేర్కొన్నాడు.

‘బైట్’ చరిత్ర మరింత ఆసక్తికరం. 1956లో ఐబీఎం సంస్థ స్ట్రెచ్ యంత్రాన్ని రూపొందిస్తున్నప్పుడు వెర్నర్ బుఖోల్జ్ ఈ మాటను కల్పించాడు. ‘కొరుకు’ అనే అర్థమున్న ఆంగ్లపదాన్ని తీసుకొని, పొరపాటున ‘బిట్’గా మారిపోకూడదని దాని వర్ణక్రమాన్ని బుద్ధిపూర్వకంగా మార్చాడు. సందిగ్ధత రాకూడదని అంత జాగ్రత్తగా చెక్కిన పదానికే తరవాతి కాలంలో అత్యంత సందిగ్ధమైన సంక్షిప్తరూపం దక్కింది! అప్పటికి బైటుకు ఎనిమిది బిట్లన్న నియమం లేదు. 1964లో ప్రకటించిన సిస్టమ్/360తో అది స్థిరపడింది. దూరసమాచార ప్రమాణాలలో ‘బైట్’కు బదులు ‘ఆక్టెట్’ అన్న మాట ఎక్కువగా కనిపించడానికి ఈ పాత అస్థిరతే కారణం.

3. ఎనిమిది వేల లయ

కాంతితంతు జాలాల వేగాలు 51.84, 155.52, 622.08, 2488.32 మెగాబిట్లు అని చదివినప్పుడు ఈ బేసి అంకెలు ఎక్కడివన్న సందేహం సహజం. వీటి మూలం టెలిఫోనులో ఉంది. మనిషి గొంతును సెకనుకు 8000 సార్లు నమూనా తీసి, ఒక్కొక్క నమూనాను ఎనిమిది బిట్లలో రాస్తే సెకనుకు 64,000 బిట్లు. 1962లో అమెరికాలో వాడుకలోకి వచ్చిన టీ1 మార్గం 24 గొంతులను కలిపి, చట్రానికి ఒక బిట్ అదనంగా చేర్చి, 1.544 మెగాబిట్ల వేగాన్ని అందుకుంది. 1988లో సోనెట్ ప్రమాణం వచ్చినప్పుడూ ఈ లయ మారలేదు. దాని మూల చట్రం తొమ్మిది వరుసలు, తొంభై నిలువులు, అంటే 810 బైట్లు. దానిని సెకనుకు 8000 సార్లు పంపితే 51.84 మెగాబిట్లు. మిగిలిన వేగాలు దీని గుణిజాలు. బైట్ల గడులలో పేర్చిన చట్రాన్ని బిట్లలో ప్రకటించడం గమనార్హం.

ఈ వేగమంతా వాడుకరికి దక్కదు. 155.52లో నిర్వహణకు పోగా అసలు సరుకుకు మిగిలేది 149.76 మెగాబిట్లు, అంటే సెకనుకు 18.72 మెగాబైట్లు.

4. డిస్కు వైపు

పాత డిస్కుల సంధానాలలో అనేక తీగలు పక్కపక్కనే నడిచేవి. బిట్లు గుంపుగా కదిలేవి కనుక బైట్లలో లెక్కించడమే సహజం. సమాంతర ఏటీఏ చివరి దశ సెకనుకు 133 మెగాబైట్లు. 2003 ప్రాంతంలో విపణిలోకి వచ్చిన సాటా బిట్లను ఒకదాని వెనుక ఒకటిగా పంపింది. వేగాన్ని 1.5 గిగాబిట్లుగా ప్రకటించింది. దానిని ఎనిమిదితో భాగిస్తే 187.5 మెగాబైట్లు రావాలి. నిజమైన విలువ 150. ఐబీఎం పరిశోధకులు విడ్మర్, ఫ్రానజెక్ 1983లో ప్రచురించిన పద్ధతి ప్రకారం ప్రతి ఎనిమిది బిట్లనూ పది బిట్లుగా మార్చి పంపడమే ఇందుకు కారణం. తీగపై సున్నాలూ ఒకట్లూ సమతూకంలో ఉండడానికి, గ్రాహకం గడియారాన్ని పట్టుకోవడానికి ఈ ఖర్చు తప్పదు. కనుక ఇక్కడ భాజకం పది.

రెండు సంప్రదాయాలు ముఖాముఖి తలపడింది 2002 నాటి పది గిగాబిట్ల ఈథర్‌నెట్ ప్రమాణంలో. ఈథర్‌నెట్ వర్గానికి పూర్ణాంకమైన పది కావాలి. టెలిఫోను వర్గం చేతిలో ఉన్నది 9.95328. చివరకు ప్రమాణంలో రెండు రూపాలూ చేరాయి. మొదటిది 64 బిట్లకు 66 పంపుతూ తంతువుపై 10.3125 గిగాబిట్లతో నడుస్తుంది. దత్తాంశం సెకనుకు 1250 మెగాబైట్లు. రెండవది సోనెట్ చట్రంలో ఒదిగి, చట్రం ఖర్చూ సంకేతీకరణ ఖర్చూ పోగా సుమారు 9.29 గిగాబిట్లు, అంటే 1162 మెగాబైట్ల దగ్గర ఆగుతుంది. రెండింటినీ వాడుకలో ‘పది గిగా’ అనే అంటారు.

5. తెలుగులో రాయడం

రెట్టింపుల కొలత మనకు కొత్త కాదు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. తూనికలు, కొలతల చట్టం 1956లో దశాంశ పద్ధతిని తెచ్చింది. బైటు పుట్టిందీ ఆ ఏడే. 1024, 1000ల మధ్య తగవు కూడా ఇలాంటిదే. డిస్కు తయారీదారు లక్షకోట్ల బైట్లను ఒక టెరాబైట్ అంటాడు, కంప్యూటరు దానినే 931 గిగాబైట్లుగా చూపవచ్చు. ఈ తేడా పది శాతం లోపే. బిట్టు, బైటుల తేడా ఎనిమిది రెట్లు.

మన పత్రికలు, పాఠ్యపుస్తకాలు ‘ఎంబీ’, ‘జీబీ’ అన్న సంక్షిప్తాలను రెండింటికీ వాడుతున్నాయి. అక్షరాన్ని నమ్మలేమన్న సంగతిని ప్రమాణకర్తలూ గుర్తించారు: అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం బిట్టుకు సంకేతంగా ‘బిట్’ అన్న పూర్తి పదాన్నే నిర్ణయించింది. పెద్ద ‘బి’ బెల్ అనే ప్రమాణానికి కూడా గుర్తు. కాంతితంతువులో నష్టాన్ని కొలిచే డెసిబెల్ దాని బిడ్డే. పెద్దక్షరాలున్న భాషకే ఆ జాగ్రత్త అవసరమైనప్పుడు, అవి లేని తెలుగులో సంక్షిప్తాన్ని వదులుకోవడమే ఉచితమని నా అభిప్రాయం. కొత్త పదాలు కల్పించనక్కరలేదు. ‘మెగాబిట్లు’, ‘మెగాబైట్లు’ అని పూర్తిగా రాస్తే చాలు. వేగం తంతువుపైనున్నదా, వాడుకరికి చేరేదా అన్నది కూడా చెప్పాలి.

నేను సరిచూసిన అనువాదంలో మొదటి వాక్యాన్ని ‘తంతువుపై సెకనుకు 155.52 మెగాబిట్లు’ అనీ, రెండవదాన్ని ‘సెకనుకు 150 మెగాబైట్ల దత్తాంశం’ అనీ దిద్ది పంపాను.