రిపబ్లిక్ కనుమ ఎక్కినవాళ్లు

ఫ్రాన్సులో సాంతెత్యెన్ ఊరి నుంచి దక్షిణానికి బయల్దేరితే దారి వెంటనే కొండెక్కడం మొదలుపెడుతుంది. సుమారు 13 కిలోమీటర్లు ఎక్కాక, సముద్రమట్టానికి 1,161 మీటర్ల ఎత్తున రిపబ్లిక్ కనుమ వస్తుంది. 1903లో జరిగిన మొట్టమొదటి టూర్ ద ఫ్రాన్స్ పందెం ఈ కనుమ మీదుగానే సాగింది. క్రీడల చరిత్రలో దాని పేరు నిలిచింది అందుకే. నాకు మాత్రం ఆ దారి మీద గౌరవం పందెగాళ్ల వల్ల కలగలేదు. పందెం కోసం కాదు, ఆనందం కోసం తొక్కమన్న ఒక పట్టు వ్యాపారి వల్ల కలిగింది. ఆయన పేరు పాల్ ద వివీ. రాతల్లో పెట్టుకున్న పేరు వెలోసియో. సరదాకి రోడ్డు మీద సైకిలు తొక్కేవాళ్లందరికీ ఆయన ఆదిగురువని నా నమ్మకం.

నేను విశాఖపట్నంలో స్కూలు టీచర్ని. నలభై ఏడో ఏట గేర్ల సైకిలు కొన్నాను. సెలవురోజు తెల్లవారకముందే బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి వైపు వెళ్తుంటాను. ఋషికొండ దాటాక తొట్లకొండ దగ్గర దారి ఎత్తెక్కుతుంది. ఎడమన కొండ, కుడిన సముద్రం, ఒంటినిండా ఉక్క. సైకిలు అమ్మిన షాపులో పెద్ద మెకానిక్ ఒకాయన నాకు మొదట చెప్పిన మాట ఇది: “అమ్మా, కాళ్లు బరువెక్కేదాకా చూడొద్దు. ఎత్తు రాకముందే చిన్న గేరు వేసేయండి.” ఈ చిన్న మాట వెనక పెద్ద చరిత్ర ఉందని నాకు తర్వాత, పుస్తకాలు తిరగేస్తే తెలిసింది.

వివీ 1853లో దక్షిణ ఫ్రాన్సులోని పెర్న్ అనే ఊళ్లో పుట్టాడు. పట్టు వ్యాపారం చేసుకుంటూ సాంతెత్యెన్‌లో స్థిరపడ్డాడు. ఆ ఊరు బొగ్గు గనులకూ రిబ్బన్ల నేతకూ తుపాకుల తయారీకీ పెట్టింది పేరు. ఉక్కును సన్నగా కోసి, గొట్టాలు చేసి, మరలు బిగించే నేర్పు ఆ ఊరి చేతుల్లో అప్పటికే ఉంది. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిలును తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండి, చైనుతో వెనక చక్రం తిరిగే ఆ పద్ధతే నేటి మన సైకిళ్లకు మూలం. మరుసటి ఏడాదికే సాంతెత్యెన్‌లో గోత్యే సోదరులు ఆ తరహా సైకిలు తయారుచేశారు. తుపాకుల ఊరు అలా సైకిళ్ల ఊరు కూడా అయింది.

వివీ 1887లో పట్టు వ్యాపారం వదిలేసి సైకిళ్ల దుకాణం తెరిచాడు. అదే ఏడాది ఒక పత్రిక మొదలుపెట్టాడు. ‘ల సైక్లిస్ట్’ పేరుతో అది దశాబ్దాలు నడిచింది. దుకాణానికి వచ్చినవాళ్లని వెంటబెట్టుకుని కొండదారులు ఎక్కేవాడు, తిరిగొచ్చి ఆ ప్రయాణాలను పత్రికలో రాసేవాడు. ఎంత దూరం వెళ్లారు, ఏ గేరులో ఎక్కారు, దారిలో ఏం తిన్నారు, ఒళ్లు ఎలా ఉంది, అన్నీ రాసేవాడు. తొక్కడం, తొక్కినదాన్ని గమనించడం, గమనించినదాన్ని పదిమందికీ చెప్పడం ఆయనకు ఒకే పని.

ఒకనాడు ఆయన రిపబ్లిక్ కనుమ ఎక్కుతుంటే కుర్రవాడైన శిష్యుడొకడు నోట్లో పైపుతో తాపీగా దాటి వెళ్లాడని చెబుతారు. అప్పటి సైకిలుకి ఒకటే గేరు. అది చదునుకి సరిపోతే కొండకి బరువు, కొండకి సరిపోతే చదునున కాళ్లు ఊరికే గిరగిరా తిరుగుతాయి. రెండూ ఒకే సైకిలులో ఎందుకు ఉండకూడదన్నది వివీ ప్రశ్న. పెడల్ దగ్గర రెండు కొలతల పళ్ల చక్రాలు బిగించి, దిగి చేత్తో చైనును ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదకి వేసుకోవడంతో ఆయన ప్రయత్నాలు మొదలయ్యాయి. తర్వాత రెండు చైన్ల సైకిళ్లు వచ్చాయి. ఆపైన, నడుస్తుండగానే చైనును పక్కకి జరిపే డిరెయిలర్ల మీద ఆయనా సాంతెత్యెన్ పనివాళ్లూ ఏళ్ల తరబడి కుస్తీపట్టారు.

ఇందులో ఉన్న లెక్క నేను ఆరో తరగతి పిల్లలకి నల్లబల్ల మీద వేసి చూపిస్తాను. ముందు పళ్ల చక్రానికి 50 పళ్లు, వెనకదానికి 25 ఉంటే, పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి సైకిలు చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. చుట్టుకొలత 2.1 మీటర్లు కాబట్టి 4.2 మీటర్లు ముందుకెళ్తాం. ముందూ వెనకా 34 పళ్లే ఉంటే ఒక్క చుట్టే, 2.1 మీటర్లే. కాలు రెట్టింపుసార్లు తిప్పాలి, కాని ప్రతిసారీ వేసే బలం సగమే. కొండ అదే, ఎక్కే మనిషీ అదే. బరువును చిన్న చిన్న వాయిదాలుగా కట్టుకుంటున్నాం, అంతే.

ఇంత తేలిక లెక్కను ఒప్పుకోవడానికి ఆ కాలపు మగతనానికి మనసు రాలేదు. 1902లో టూరింగ్ క్లబ్ ద ఫ్రాన్స్ కొండదారుల్లో ఒక పరీక్ష పెట్టింది. ఒకే గేరు సైకిలు మీద ఎదువార్ ఫిషర్ అనే ఛాంపియను, మూడు గేర్ల ‘గోలువాజ్’ సైకిలు మీద మార్త్ ఎస్ అనే మహిళ. దారి పొడుగునా ఆమె కాలు నేల మోపకుండా కొండలన్నీ ఎక్కి ఆయన్ని ఓడించింది. టూర్ ద ఫ్రాన్స్ స్థాపకుడు ఆన్రీ దెగ్రాంజ్‌కి అయినా మనసు మారలేదు. గేర్లు మార్చుకోవడం 45 ఏళ్లు దాటినవాళ్లు చేసే పని అనీ, కండబలంతో గెలిచిందే గెలుపనీ ఆయన వాదించాడు. టూర్‌లో డిరెయిలర్‌ని రానివ్వలేదు. పందెగాళ్లు కొండ మొదట్లో దిగి, వెనక చక్రం విప్పి, రెండో వైపున్న పెద్ద పళ్ల చక్రం చైనులోకి వచ్చేలా తిప్పి బిగించుకునేవారు. ఆ నిషేధం తొలగింది 1937లో. అంటే మామూలు జనం హాయిగా గేర్లు వేసుకుని కొండలెక్కుతున్న కాలంలో కూడా, ప్రపంచంలోకెల్లా గట్టి సైక్లిస్టులు రోడ్డు పక్కన చక్రాలు విప్పుకుంటూ కూర్చున్నారు.

ఆ నలభై అయిదు దాటినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఈ చరిత్ర నాకు సొంత విషయంలా తోస్తుంది. పెద్దవయసులో రోడ్డెక్కేవాళ్లకి లారీ హారన్ కంటే, తమను చూసి ఎవరేమనుకుంటారో అన్న బెరుకే ఎక్కువ. చిన్న గేరులో మెల్లగా వెళ్తుంటే పక్కనుంచి కుర్రాళ్లు రయ్యిన దాటిపోతారు. వాళ్లని అందుకోవాలని మనసు లాగుతుంది. సరిగ్గా ఆ క్షణానికే వివీ ఒక మాట చెప్పి ఉంచాడు.

ఆయన సైకిలు యాత్రికులకి ఏడు సూత్రాలు రాశాడు. తక్కువసార్లు ఆగండి, ఆగినా కాసేపే ఆగండి. ఆకలి వేయకముందే కొంచెం కొంచెం తినండి, దాహం వేయకముందే తాగండి. తిండీ నిద్రా పోయేంతగా అలసిపోకండి. చలి పుట్టకముందే బట్ట కప్పుకోండి, ఉక్క పట్టకముందే తీసేయండి. దారిలో ఉన్నన్నాళ్లూ మద్యం, మాంసం, పొగ మానండి. మొదటి గంటల్లో ఒంట్లో బలం పొంగుతున్నట్టు ఉంటుంది, అప్పుడే శక్తికి మించి తొక్కకండి. చివరిది: గొప్పకోసం ఎన్నడూ తొక్కకండి.

విశాఖ గాలికి వీటిని నేను ఇలా మలుచుకున్నాను. జేబులో చిమ్మిలి ఉండలు, అరటిపండు. ఒక సీసాలో నీళ్లు, ఇంకోదాంట్లో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. సాగర్‌నగర్ దాటేలోగా ఒక ఉండ నోట్లో వేసుకోవాల్సిందే, ఆకలున్నా లేకున్నా. ఋషికొండ దాకా ఊపిరి మాట్లాడేందుకు వీలుగా ఉండాలి. ఎత్తు కనబడగానే చిన్న గేరు. ఈ క్రమం పాటిస్తే భీమిలి చేరేసరికి ఇంకా తొక్కాలనిపిస్తుంది. ధైర్యం నాకు అలాగే వచ్చింది. పళ్లు బిగించి కష్టపడ్డ రోజులు నన్ను రోడ్డుకి దూరం చేశాయి, ఒళ్లు తేలిగ్గా ఇల్లు చేరిన రోజులే మళ్లీ మళ్లీ రోడ్డెక్కించాయి.

వివీ 1930లో ట్రామ్ తగిలి మరణించాడు. ఆయన పేరు మీద 1922లో మొదలైన ‘వెలోసియో రోజు’న పిల్లలూ పెద్దలూ కలిసి రిపబ్లిక్ కనుమ ఎక్కేవారు. అక్కడే ఆయన స్మారకం ఉంది. ఆడాక్స్ క్లబ్ పారిసియన్ 1947 నుంచి ఈస్టర్ రోజుల్లో ‘ఫ్లెష్ వెలోసియో’ జరుపుతోంది. ముగ్గురు మొదలు అయిదుగురి దాకా జట్టుకట్టి, 24 గంటల్లో కనీసం 360 కిలోమీటర్లు కలిసి తొక్కాలి. ఆ క్లబ్బు పద్ధతిలో జరిగే ‘బ్రెవే’ అనే దూర ప్రయాణాలు ఇప్పుడు మన దేశంలోనూ, మన తెలుగు నగరాల నుంచీ జరుగుతున్నాయి. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటల గడువు. గడువులోపు వచ్చినవాళ్లంతా సమానమే, మొదటి స్థానం, రెండో స్థానం అంటూ ఉండవు. గొప్పకోసం తొక్కొద్దన్న మాట ఇక్కడ నియమంగా మారింది.

మన ఊళ్లలో నలభై, యాభై దాటాక సైకిలు కొని, పది రోజులకే దాన్ని బాల్కనీలో పెట్టేసేవాళ్లు ఎందరో. వాళ్లలో చాలామందికి వేగం గురించీ ఖరీదు గురించీ చెప్పినవాళ్లున్నారు, చిన్న గేరు గురించి చెప్పినవాళ్లు లేరు. మీ వీధిలో అలాంటివాళ్లు ఉంటే ఒక ఆదివారం వెంట వెళ్లండి. మీకు ఎంత బలమున్నా వాళ్ల వేగానికే తొక్కండి. ఎత్తు రాకముందే గేరు మార్చమని చెప్పండి, ఆకలి వేయకముందే ఏదైనా తినిపించండి. వివీ తన దుకాణానికి వచ్చినవాళ్లకి చేసిన మేలు ఇదే. ఇది చేయడానికి కనుమలూ అక్కర్లేదు, ఖరీదైన సైకిలూ అక్కర్లేదు.